కారెక్కిన పగ

యల్లక్క పొద్దున్నే లేచి చేసే మొదటి పని కోళ్ళ గంప ఎత్తడం. హిందూపురంలో రైలు గేటు అవతల వాళ్ళ వీధికంతా అదే అలారం. గంప లేస్తే కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ బయటికి ఉరుకుతాయి, ఆ గోలకు పక్కింటివాళ్ళు లేస్తారు, పక్కింటి బిందెల చప్పుడుకు ఎదురింటివాళ్ళు లేస్తారు. మొగుడు వెంకటప్ప గొర్రెలు తోలుకుని పోతాడు. ఆమె వాకిలి ఊడ్చి, నూకలు చల్లి, ఒక్కో కోడినీ పేరు పెట్టి తిట్టి, అప్పుడు కాఫీ పెట్టుకుంటుంది.

కొన్నాళ్ళుగా ఒక కోడి మాత్రం ఉరకడం లేదు. అన్నీ పోయినాక మెల్లగా, నిండు చూలాలి మాదిరి అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంది. అది కాలు మోపిన చోటల్లా మట్టి దిగబడుతుంది. నల్లకోడి అది. దాంట్లో యల్లక్క పగ ఉంది.

ఆ వీధిలో ఇది ఎవరికీ కొత్త కాదు. అన్యాయం జరిగిన మనిషి పొదుగుకొచ్చిన కోడి రొమ్ము కింద చెయ్యి పెట్టి, జరిగిందంతా ఒక్కసారి చెప్పాలి, ఏదీ దాచుకోకుండా. ఆ తర్వాత కోడి లేచేదాకా ఆ మాట ఇంకెవరితోనూ ఎత్తకూడదు. మామూలు గుడ్లకు ఎన్నాళ్ళో పగకూ అన్నాళ్ళే. కోడి లేచేసరికి బరువెక్కి ఉంటుంది. దాన్ని తీసుకుపోయి ఆ అన్యాయం చేసినవాడి వాకిట్లో వదిలితే, అది ఆ ఇంటి నీళ్ళు తాగితే, చాలు. నీకు ఏది లేకుండా చేశాడో అది వాడికీ లేకుండా పోతుంది. అంతకు ఎక్కువా కాదు, తక్కువా కాదు. కోర్టులు కూడా ఇట్లా ఉంటే ఎంత బాగుండునో! వీధి చివర నాగరత్నమ్మను కుళాయి దగ్గరికి రానీకుండా నిలబెట్టినవాడి ఇంట్లో ఈరోజుకీ బిందె నిండదు. చిల్లీ లేదు, పగులూ లేదు, ఊరికే నిండదు.

యల్లక్క పగ కుళాయి దగ్గరి పగ కాదు. సొంత తమ్ముడి మీది పగ.

తమ్ముడు బసవరాజుది ధర్మవరం. పట్టుచీరల మగ్గాలు పెట్టుకుని నాలుగు రాళ్ళు వెనకేసినవాడు. వాళ్ళ నాయన కడపటి రోజుల్లో మంచం పట్టి వాడి దగ్గరే ఉన్నాడు. ఒకరోజు ఫోన్ వచ్చింది, నాయన నిద్రలోనే పోయినాడని. ఈమె గుండెలు బాదుకుంటూ పోయేసరికి మట్టి కూడా చేసేసినారు. ఎండలకు శవం ఆగదన్నారు, నిజమే అనుకుంది. తమ్ముడి భుజం మీద పడి ఏడ్చింది, వాడి ఇంట్లో కర్మకాండలదాకా ఉండి అందరికీ వండి పెట్టి వచ్చింది.

తర్వాత చాలా రోజులకు బసవరాజు పక్కింటి దాసమ్మ ఏదో పెళ్ళికని హిందూపురం వచ్చింది. దారాలు చుట్టుకుని బతికే మనిషి, కడుపులో మాట దాచుకోలేదు.

"మీ నాయన కడాకి వాకిలి కల్లే చూస్తా ఉన్నాడు యల్లక్కా," అని చెప్పింది. "యల్లిని పిలువప్పా, యల్లిని పిలువప్పా అంటానే ఉన్నాడు. ఫోన్ చేసినా నాయనా, రానన్నాది అని మీ తమ్ముడు చెప్పినాడు. నేను ఆడనే ఉన్నా."

యల్లక్కకు ఏ ఫోనూ రాలేదు. వాడెందుకు చెయ్యలేదో ఆమెకు తెలుసు. నాయన కూతురి ఇంటికి పోతానని పట్టుబట్టి ఉన్నాడు. ఈమె వస్తే ఎత్తుకుని తెచ్చేసుకునేది. అప్పుడు ధర్మవరం వీధిలో కొడుకు చూసుకోలేక కూతురి దగ్గరికి పంపించినాడని అంటారు కదా. ఆ ఒక్క మాట పడలేక నాయనను అబద్ధంతో చంపేశాడు. చావు ఎవరికైనా వస్తుంది. కూతురు రానన్నదని అనుకుంటూ పోయినాడే ఆ ముసలాయన, అది ఎట్లా మరిచిపోవాలి?

దాసమ్మను సాగనంపి, యల్లక్క నేరుగా పోయి నల్లకోడి రొమ్ము కింద చెయ్యి పెట్టింది.

కోడి లేచింది, బరువెక్కింది, తమ్ముడి ఇంటికి ఏ సాకుతో పోవాలా అని ఈమె చూస్తుండగా వాడే ఫోన్ చేశాడు. కొత్తిల్లు కట్టుకున్నానని, ఆదివారం చుట్టాలందరికీ కూర భోజనం పెడుతున్నానని, ధర్మవరంలో అంతా ఫారం కోళ్ళేనని, నువ్వు వచ్చేటప్పుడు మంచి నాటుకోళ్ళు పట్టుకుని రమ్మని. కోళ్ళు కావాలంటే మాత్రం అక్క నంబరు ఇట్టే కలిసింది! యల్లక్క ఫోన్ పెట్టేసి కొంచెంసేపు నవ్వింది. ఆ నవ్వు చూసి వెంకటప్ప గొర్రెలను ఇంకొంచెం దూరం తోలుకుపోయాడు.

కోళ్ళ సంగతులన్నీ తెలిసిన సుబ్బమ్మవ్వ దగ్గరికి పోయి అడిగితే ఆమె రెండు మాటలు చెప్పింది.

"దారిలో కోడి చస్తే పగ నీ ఇంటి మీదికే తిరుక్కోని వస్తాది, జాగ్రత్త. గుడ్డు పెడితే పగ గుడ్డులోకి దిగిపోతాది, అది ఎవురు తింటే వాళ్ళకి. అయినా కారు కుదుపుల్లో ఏ కోడి గుడ్డు పెడతాదిలే."

యల్లక్కకు మొదటి మాటే చెవిలో నిలిచింది. ధర్మవరం దాకా నల్లకోడిని ప్రాణాలతో చేర్చాలి. బస్సులో కుదరదు. బండి హ్యాండిలుకు కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసుకుని పోయేవాళ్ళను చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. అందుకని వీధిలోనే బాడుగకు కారు తోలే పోతులయ్యను మాట్లాడుకుంది.

ముందురోజు ఆమె చేసిన హడావిడి కూతురి పెళ్ళికి కూడా ఎవరూ చెయ్యరు. మార్కెట్ నుంచి టమాటాల క్రేటు తెచ్చి కడిగి ఆరబెట్టింది. నాలుగు వైపులా సందులుంటాయి కాబట్టి గాలికి కొదవ లేదు. అడుగున గోనెపట్టా వేసి, దాని మీద వరిగడ్డి మెత్తగా పరిచింది. ఒంటి కోడి బెదురుతుందని తోడుగా ఇంకో రెండింటిని ఎంచింది, అవీ నల్లదానితో ఎప్పుడూ కొట్లాడనివే. పైన వల కట్టి, వల మీద పాత చీర కప్పింది, వెలుతురు తగ్గితే కోళ్ళు సద్దుమణుగుతాయని. బయలుదేరే పొద్దున మేత తగ్గించింది. ఊగే బండిలో గిన్నెతో నీళ్ళు పెడితే ఒలికి గడ్డి తడుస్తుంది కాబట్టి దోసకాయ ముక్కలు వేసింది. ఇంత చూసుకున్న మనిషి ఒక్కటి చూడలేదు. నల్లకోడి తురాయి దాసానిపువ్వులాగా ఎర్రబడి ఉంది. గొంతులో ఏదో సన్నగా కొక్కరిస్తూ, గడ్డిని కాళ్ళతో సర్దుకుంటోంది. ఇంకెప్పుడైనా అయితే యల్లక్క దూరం నుంచే చూసి సంగతి చెప్పేసేది. ఆ రోజు అది పగే అనుకుంది. పగతో ఎర్రబడింది, పగతో గొణుగుతోంది అనుకుని ముచ్చటపడింది.

పోతులయ్య క్రేటును డిక్కీలో పెడదామని పోతే ఆమె వాణ్ణి చెడామడా తిట్టింది. గాలాడని చోట పెట్టి చంపుతావా, చస్తే ఆ పగ నా ఇంటి మీదికి తెస్తావా అని. వాడు దాన్ని వెనక సీటు మీద పెట్టి, బెల్టు బిగించాడు. కోడి బరువుకు కారు ఎడమవైపు కుంగింది.

ఎండ ఎక్కకముందే బయలుదేరారు. పాటలు వద్దంది. హారన్ వద్దంది. అద్దాలు సగం దించమంది, గాలి నేరుగా కోళ్ళకు తగలకూడదంది. స్పీడు బ్రేకర్ కనపడితే చాలు, పోతులయ్య చిన్నపిల్లను తొట్టిలో పడుకోబెట్టినట్టు కారును ఎక్కించి దించాలి. వెనక వచ్చే బస్సులు, లారీలు, ఆఖరికి గడ్డి ట్రాక్టర్ కూడా వీళ్ళను దాటుకుని పోయింది. ట్రాక్టర్ దాటుకుని పోయినప్పుడు పోతులయ్య మొహం చూడాలి.

సోమందేపల్లిలో ఎడమవైపు టైరుకు గాలి పట్టించారు. పంచరు షాపు అతను చీర కొంచెం తొలగించి లోపలికి చూశాడు.

"పగకోడా? ఎవురికి?"

"తమ్మునికి," అన్నాడు పోతులయ్య.

అతను తల ఊపి ఇంకొంచెం గాలి పట్టాడు. సొంతవాళ్ళ మీది పగ బరువెక్కువ ఉంటుంది కాబట్టి మళ్ళీ ధర్మవరంలో ఒకసారి చూపించుకోమని చెప్పి పంపాడు.

పెనుకొండ చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. కొండ కింద, ఏదో ఆఫీసు ప్రహరీగోడ నీడలో కారు ఆపమంది యల్లక్క. కోళ్ళకు చిప్పలో నీళ్ళు పెట్టాలని వెనక తలుపు తీసి, చీర తొలగించింది. రెండు కోళ్ళు ముడుచుకుని కునుకుతున్నాయి. నల్లకోడి గడ్డిలో గుంత చేసుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుని ఉంది. చల్లగా, మెత్తగా, చీకటిగా, కుదుపు లేకుండా, తోడుతో. యల్లక్క తన చేత్తో తానే కట్టిచ్చిన పురిటిగది అది. ఆమె చూస్తుండగానే నల్లకోడి లేచి నిలబడి, ఒళ్ళు విదిలించుకుని, ఊరంతా వినేటట్టు కొక్కొక్కో అని మొదలుపెట్టింది. కారు ఎడమవైపు పైకి లేచి సమంగా నిలిచింది.

గడ్డిలో గుడ్డు ఉంది.

యల్లక్క నడిరోడ్డు మీద తల పట్టుకుని కూర్చుంది. గుడ్డు చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి లాగేసింది. కోడిని ఎత్తి చూస్తే దూదిపింజ. సుబ్బమ్మవ్వ చెప్పిన రెండో మాట అప్పుడు గుర్తుకొచ్చింది.

పోతులయ్య చెడ్డవాడు కాదు. పక్కన నిలబడి నిదానంగానే చెప్పాడు. కోడినైతే వాకిట్లో వదిలేసి వచ్చేయొచ్చు. గుడ్డును చేతులారా తినిపించాలి కదా, అది వేరే కదా, ఆ రాయి మీద కొట్టేసి తిరిగి ఇంటికి పోదాం అన్నాడు. రాయి దగ్గరే ఉంది. యల్లక్క రాయినీ చూసింది, గుడ్డునూ చూసింది. గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది.

"నాయన వాకిలి కల్లే చూస్తా సచ్చినాడప్పా," అంది. "నేను రానన్నానని సచ్చినాడు. నా ఇంట్లో ఆయప్పకు మంచం కూడా వేసి పెట్టినా. పోనీ కారు."

అక్కడినుంచి ధర్మవరం దాకా గుడ్డును ఒళ్ళో, కొంగులో, రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. బరువుకు తొడలు తిమ్మిరెక్కాయి. దారంతా ఆమె నాయనతో లోపల్లోపల మాట్లాడుతూనే ఉంది. నాకు ఫోన్ రాలేదు నాయనా, వచ్చింటే చెప్పుల్లేకుండా ఉరికొచ్చేదాన్ని నాయనా అని. చెప్పినకొద్దీ కడుపు మండింది. మధ్యలో ఒకచోట మాత్రం ఒక మెట్టు దిగింది. వాణ్ణి ఒక్కమాట అడుగుతాను, నిజం ఒప్పుకుంటే ఈ గుడ్డును మోరీలో పడేసి పోతాను అనుకుంది.

ధర్మవరంలో బసవరాజు కొత్తిల్లు మగ్గాల సందులోనే ఉంది. ఆదివారం కదా, మగ్గాలు చప్పుడు లేవు. వాకిట్లో షామియానా, పొయ్యి మీద మసాలా వాసన. బసవరాజు ఎదురొచ్చి అక్కా అక్కా అంటూ చెయ్యి పట్టుకున్నాడు. మనిషి అచ్చం నాయన నడకే.

కానీ వాడూ ఈ సీమవాడే కదా, పగకోళ్ళ సంగతి వాడికి తెలియదా? క్రేటు దించగానే నవ్వుతూ నవ్వుతూనే ఒక్కో కోడి కడుపు కింద చెయ్యి వేసి ఎత్తి చూశాడు. ఒకటి చూశాడు, రెండు చూశాడు. నల్లదాన్ని రెండుసార్లు ఎత్తి చూశాడు. అన్నీ తేలికే. అప్పుడు వాడి భుజాలు వదులయ్యాయి, మొహంలో నవ్వు నిజంగా నవ్వైంది. ఆ ఎత్తి చూడడంలోనే యల్లక్కకు సగం జవాబు దొరికింది. చెయ్యని తప్పుకు కోళ్ళను తూచేవాడు ఎవడుంటాడు?

అయినా అడిగింది. తమ్ముణ్ణి వంటింటి పక్కకు పిలిచి, గొంతు మెత్తగా పెట్టుకునే అడిగింది.

"అప్పా బసవరాజూ, నాయన కడాకి నన్నేమన్నా అడిగినాడా?"

వాడు ఆమె కళ్ళలోకే చూశాడు.

"లేదక్కా. ఎవురినీ అడగలేదు. నిద్దట్లోనే పోయినాడు."

అయిపోయింది. యల్లక్క కొంగులోంచి గుడ్డు తీసింది, వాడి చేతికి ఇవ్వలేదు. దారిలో కోడి పెట్టింది, ఇంకా వెచ్చగుంది, చిన్నప్పుడు పచ్చిగుడ్డు కోసం ఏడ్చేవాడివి కదా అంది. గోడకు తట్టి గ్లాసులో కొట్టి, చిటికెడు మిరియాల పొడి, ఉప్పు వేసి గిలక్కొట్టింది. గ్లాసు ఒక చేత్తో మొయ్యలేక రెండు చేతులా పట్టుకుంది. వాడు అందుకోబోతే ఉండుండు అని తానే వాడి నోటికి అందించింది. అమ్మ లేని ఇంట్లో వాడికి అన్నం తినిపించింది ఆ చేతులే. వాడు చిన్నపిల్లవాడిలా తల వెనక్కి వంచి గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుంటూ విస్తరాకులు వేయించడానికి షామియానా కిందికి పోయాడు.

యల్లక్క చేతిలో గ్లాసు కాగితమంత తేలికైంది.

అక్కడినుంచి వాడు కూతుర్ని పిలిచాడు. "మంజులతా, మంచినీళ్ళు తేమ్మా."

మంజులత అప్పుడే వంటింట్లోంచి వచ్చి యల్లక్క పక్కన నిలబడింది. బెంగుళూరులో ఉద్యోగం, పొద్దున రైలుకే దిగిన పిల్ల. అత్తా, ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగు అని లోటా చేతిలో పెట్టి, ఎంగిలి గ్లాసు తీసుకుంది. అంత పని పెట్టుకుని ఎట్లా వచ్చినావమ్మా అని యల్లక్క ఏదో అనాలని అంది.

"నాయన ఒక్క పిలుపు పిలిస్తే చాలత్తా, యాడుండినా వచ్చేస్తా," అంది ఆ పిల్ల.

వాకిట్లోంచి బసవరాజు మళ్ళీ పిలిచాడు. ఈసారి గట్టిగా. మంజులత తల తిప్పలేదు. గ్లాసు కడుక్కుంటూ బెంగుళూరు ఎండల గురించి చెబుతోంది. వాడు పెళ్ళాన్ని పిలిచాడు, అన్నమ్మా అని. అన్నమ్మ వాడి పక్కనుంచే విస్తరాకులు మోసుకుని పోయింది. వాడు మామూలు మాటలు మాట్లాడితే అందరికీ వినపడుతోంది, నవ్వుతున్నారు, జవాబు చెబుతున్నారు. పిలిస్తే మాత్రం ఎవరికీ చెవికి ఎక్కడం లేదు. యల్లక్కకు తప్ప.

ఆమె మజ్జిగ లోటా కింద పెట్టింది, తాగలేదు. నాయన పిలుపు నన్ను చేరనీకుండా చేసినావు, నీ పిలుపూ నీ కూతురిని చేరదు. అంతే కదా అడిగింది, అంతే కదా దొరికింది. కోడికి చెప్పినప్పుడు ఆ కూతురికి ఒక మొహం ఉంటుందని ఆమెకు తట్టలేదు. రేపు ఈ పిల్ల కూడా ఎక్కడో ఒకచోట కూర్చుని ఉంటుంది, పిలుపు రాలేదనుకుంటూ. అయినా చేసిన పనికి యల్లక్క చింతపడింది అంటే అది అబద్ధం. కడుపులో మంట చల్లారింది. ఆ చల్లదనమే ఆమెకు బాగా అనిపించలేదు, అంతే.

తలనొప్పి అని చెప్పి, కూర తినకుండానే బయలుదేరింది. అన్నమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. బసవరాజు వీధిలోకి వచ్చి అక్కా అని పిలిచాడు. యల్లక్క కారెక్కి తలుపు వేసుకుంది.

ఇంక మెల్లగా పోవాల్సిన పని లేదని పోతులయ్య సంబరపడి, పాటలు పెట్టి కారును ఉరికించాడు. కానీ యల్లక్కకు పాట వినపడలేదు. పెనుకొండ దాటినా తమ్ముడి పిలుపు వాకిట్లో వినపడినంత గట్టిగానే వినపడుతోంది. ఎవరికీ చేరని పిలుపులన్నీ తిరిగి ఆమె దగ్గరికే వస్తున్నాయి. మంజులతా, మంజులతా అని వాడు పిలుస్తున్నాడు. మొదట విసుగ్గా పిలిచాడు, తర్వాత కోపంగా పిలిచాడు. సోమందేపల్లి వచ్చేసరికి ఆ గొంతులో భయం మొదలైంది.

"ఏమక్కా, అట్లా అయిపోయినావు?" అన్నాడు పోతులయ్య.

"మా తమ్ముడు కూతుర్ని పిలుస్తాండాడు. ఆ పిల్లకు వినపడదు."

వాడికి అర్థమైంది. పాట ఆపేశాడు. "నీకాడ ఆ పిల్ల నంబరు ఉండాదా?"

"ఉండాది."

"ఫోన్ చేసి చెప్పకూడదా అక్కా, మీ నాయన పిలుస్తాండాడని?"

యల్లక్క ఫోన్ తీసింది. మంజులత పేరు కనపడేదాకా వేలితో జరిపింది. చాలాసేపు ఆ పేరునే చూస్తూ కూర్చుంది. చెవిలో తమ్ముడు పిలుస్తూనే ఉన్నాడు.

ఆమె ఫోన్ ఆపేసి సంచి అడుక్కి పెట్టేసింది. పోనీ అంది.